చోటు తప్పిన బ్రెస్ట్ ఇంప్లాంట్‌ను సరిచేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంప్లాంట్లు పెట్టించుకున్న కొన్ని నెలలకో, కొన్నేళ్లకో ఒక రొమ్ము కిందికి దిగినట్టో, చంక వైపు వెళ్లినట్టో అనిపిస్తే చాలామంది ఆ సంగతి ఎవరితోనూ అనరు. అద్దంలో పదేపదే చూసుకుంటారు, వదులు బట్టలు వేసుకుంటారు, డాక్టర్ దగ్గరికి వెళ్తే "మీరే ఎక్కువ ఆలోచిస్తున్నారు" అంటారేమోనని ఆగిపోతారు. అలా ఆగాల్సిన పని లేదు. ఇంప్లాంట్లు ఉన్నవాళ్లు రెండోసారి ఆపరేషన్‌కి వెళ్లడానికి ఉన్న ముఖ్యమైన కారణాల్లో ఇదొకటి. సర్జన్లకు బాగా తెలిసిన సమస్య, చాలా సందర్భాల్లో సరిచేయగలిగిన సమస్య కూడా. కాకపోతే సరిచేయడం అంటే ఇంప్లాంట్‌ని పక్కకి జరిపి కుట్లు వేయడం కాదు. అది ఎందుకు కదిలిందో తేల్చకుండా చేసే ఆపరేషన్ ఎక్కువకాలం నిలవదు. కింది జవాబులన్నీ ఆ మాట చుట్టూనే తిరుగుతాయి.

ఇంప్లాంట్ చోటు తప్పడం అంటే లోపల ఏం జరుగుతుంది?

ఇంప్లాంట్ పెట్టడానికి సర్జన్ రొమ్ము కణజాలం కింద గానీ, ఛాతీ కండరం కింద గానీ ఒక ఖాళీ చేస్తారు. దాన్ని పాకెట్ అంటారు. బయటి వస్తువు ఏది లోపలికి వెళ్లినా శరీరం దాని చుట్టూ పల్చటి మచ్చ పొర అల్లుతుంది. అదే క్యాప్సూల్. ఇది అందరిలోనూ ఏర్పడుతుంది, జబ్బు కాదు. పాకెట్ సరైన కొలతలో ఉండి, క్యాప్సూల్ పల్చగా, గట్టిగా కాకుండా ఉంటే ఇంప్లాంట్ తన చోట తాను ఉంటుంది.

పాకెట్ వదులైతే ఇంప్లాంట్ ఆ వదులు ఉన్న వైపు వెళ్తుంది. క్యాప్సూల్ బిగుసుకుపోతే ఇంప్లాంట్‌ని నొక్కి పైకి నెడుతుంది. బయటికి రెండూ "చోటు తప్పడం" లాగే కనిపిస్తాయి కానీ చికిత్స పూర్తిగా వేరు. మొదటిదాంట్లో మూయాలి, రెండోదాంట్లో విడదీయాలి.

నాది ఏ రకమో ఎలా గుర్తుపట్టాలి?

ఎక్కువగా కనిపించేది కిందికి జారడం. సర్జన్లు దీన్ని బాటమింగ్ అవుట్ అంటారు. రొమ్ము కింది భాగం నిండుగా, పైభాగం ఖాళీగా అవుతుంది, చనుమొన పైకి చూస్తున్నట్టు ఉంటుంది. దీన్ని పట్టించే గుర్తు ఒకటుంది. కింది మడతలో గాటు పెట్టి ఆపరేషన్ చేసి ఉంటే, మడతలో దాగి ఉండాల్సిన మచ్చ క్రమంగా రొమ్ము మీదికి ఎక్కి కనిపిస్తుంది. మచ్చ కదలలేదు, దాని కిందున్న మడతే దిగిపోయింది.

పక్కకి జారినప్పుడు వెల్లకిలా పడుకుంటే ఇంప్లాంట్ చంకలోకి ఒరుగుతుంది, చేతులు ఊపి నడిచేటప్పుడు రాసుకుంటుంది. మామూలు రొమ్ములు కూడా పడుకుంటే కొంత పక్కకి ఒరుగుతాయి కాబట్టి కొద్దిపాటి కదలికకు కంగారు అక్కర్లేదు. నిలబడ్డాక కూడా రెండు రొమ్ముల మధ్య దూరం మునుపటికంటే బాగా పెరిగి ఉంటే చూపించుకోవాలి.

లోపలికి జరిగి రెండు ఇంప్లాంట్లు ఛాతీ మధ్యలో కలిసిపోతున్నట్టు ఉండటాన్ని సిమ్మాస్టియా అంటారు. ఛాతీ ఎముక మీది చర్మం ఎముకకి అంటుకుని ఉండకుండా గుడారంలా పైకి లేస్తుంది. ఇది తక్కువమందిలోనే వస్తుంది కానీ సరిచేయడంలో అన్నిటికంటే కష్టమైనది ఇదే.

పైకి ఉండిపోతే కాలర్ ఎముక కింద ఉబ్బుగా, గట్టిగా ఉంటుంది. కొన్నేళ్లు బాగానే ఉన్న రొమ్ము క్రమంగా గట్టిపడుతూ పైకి పోతుంటే అది క్యాప్సూల్ బిగుసుకోవడం, అంటే క్యాప్సులార్ కాంట్రాక్చర్ కావచ్చు. దాని తీవ్రతని బేకర్ గ్రేడ్ 1 నుంచి 4 వరకు చెప్తారు. 1లో రొమ్ము మెత్తగా మామూలుగా ఉంటుంది, 3లో ఆకారం మారి గట్టిగా తెలుస్తుంది, 4లో నొప్పి కూడా ఉంటుంది.

తిరగడం ఇంకొక రకం. గుండ్రటి ఇంప్లాంట్ తన చుట్టూ తాను తిరిగినా తెలియదు, కన్నీటి చుక్క ఆకారంలో ఉన్నది తిరిగితే రొమ్ము ఆకారమే మారిపోతుంది. గుండ్రటిది కూడా అరుదుగా వెనక భాగం ముందుకి వచ్చేలా బోర్లా పడుతుంది. అప్పుడు రొమ్ము ఉన్నట్టుండి చదునుగా కనిపిస్తుంది.

రొమ్ము కింద రెండో గీత పడి రెండు గుండ్రాలు ఒకదాని కింద ఒకటి ఉన్నట్టు కనిపించడాన్ని డబుల్ బబుల్ అంటారు. పాత మడత గీత పోకుండానే ఇంప్లాంట్ దాన్ని దాటి కిందికి వెళ్తే ఇలా అవుతుంది.

ఇంప్లాంట్ అసలు కదలకపోయినా, దాని మీదున్న రొమ్ము మాత్రం వయసుతోనో, పాలిచ్చాకో కిందికి జారే సందర్భం కూడా ఉంది. చూడటానికి ఇంప్లాంటే తప్పు చోట ఉన్నట్టుంటుంది. ఇక్కడ పాకెట్‌ని ముట్టుకుని లాభం లేదు, రొమ్మును పైకెత్తే లిఫ్ట్ ఆపరేషన్ కావాలి.

ఆపరేషన్ అయి నెలే అయింది. రెండూ పైకి, బిగుతుగా ఉన్నాయి. చోటు తప్పాయా?

ఇప్పుడే చెప్పలేం. వాపు తగ్గి, కండరం సడలి ఇంప్లాంట్లు తమ చోటికి దిగడానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. ఒకటి ముందు, ఇంకొకటి వెనక దిగడం కూడా మామూలే. కానీ మొదటి వారాల్లోనే ఒకటి మరీ కిందికో, మధ్యలోకో వెళ్తున్నట్టు ఉంటే సర్జన్‌కి వెంటనే చూపించండి. ఆ దశలో పట్టీతో, ప్రత్యేకమైన బ్రాతో ఆపగలిగే అవకాశం కొంత ఉంటుంది. తర్వాత ఉండదు.

ఎందుకు ఇలా అయింది? నేనేమైనా తప్పు చేశానా?

చాలామంది ఇలా అడుగుతూ తమనే నిందించుకుంటారు. బరువు ఎత్తాననో, బ్రా సరిగ్గా వేసుకోలేదనో, బోర్లా పడుకున్నాననో అనుకుంటారు. మొదటి వారాల్లో జాగ్రత్తలు ముఖ్యమే, కానీ కారణం చాలావరకు వేరే చోట ఉంటుంది.

ఒకటి, పాకెట్ అవసరానికి మించి వెడల్పుగా కోసి ఉండటం, లేదా కింది మడతను దించి గట్టిగా బిగించకపోవడం. ఛాతీ ఎముక దగ్గర కండరం అతుకులను మరీ లోపలికి కోస్తే సిమ్మాస్టియాకి దారి పడుతుంది.

రెండు, సైజు. సుమారు 300 సీసీ సిలికాన్ ఇంప్లాంట్ బరువు దాదాపు 300 గ్రాములు. 500 సీసీ అయితే ప్రతి వైపూ అర కిలో. ఆ బరువుని పగలూ రాత్రీ మోసేది పల్చటి చర్మం, కొద్దిపాటి కణజాలం. చొక్కా జేబులో రోజూ బరువైన తాళాల గుత్తి వేసుకుని తిరిగితే జేబు ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది. సీసీలే కాదు, అడుగు వెడల్పు కూడా చూడాలి. మీ రొమ్ము వెడల్పుకంటే ఇంప్లాంట్ అడుగు వెడల్పు ఎక్కువైతే అది ఎక్కడో ఒక చోట హద్దు దాటుతుంది.

మూడు, మీ శరీరం. చర్మం పల్చగా ఉన్నవాళ్లలో, బాగా బరువు తగ్గినవాళ్లలో, గర్భం తర్వాత, కీళ్లు మరీ సులువుగా వంగే ఎహ్లర్స్ డాన్లాస్ లాంటి కణజాల సమస్యలు ఉన్నవాళ్లలో పాకెట్ సాగిపోతుంది. ఛాతీ గూడు ఆకారం సంగతి చాలామందికి తెలియదు. మధ్యలో గుంట ఉంటే ఇంప్లాంట్లు లోపలికి వాలతాయి, ఛాతీ ముందుకి పొడుచుకొచ్చి పక్కలకి వాలుగా ఉంటే చంకల వైపు పోతాయి.

నాలుగు, ఛాతీ కండరం. ఇంప్లాంట్ కండరం కింద ఉంటే కండరం బిగించిన ప్రతిసారీ అది ఇంప్లాంట్‌ని కిందికీ పక్కకీ నెడుతుంది. ఏళ్ల తరబడి ఆ ఒత్తిడి పడితే పాకెట్ ఆ వైపు సాగుతుంది.

మసాజ్‌తో, బ్రాతో, వ్యాయామంతో సరిపోదా?

పాకెట్ సాగిపోయాక సరిపోదు. మంచి బ్రా బరువు మోస్తుంది, ఇంకా దిగజారకుండా కొంత ఆపుతుంది, అంతవరకే. వదులైన క్యాప్సూల్‌ను వ్యాయామం బిగించలేదు. ఛాతీ వ్యాయామాలు కొన్నిసార్లు పక్కకి నెట్టే ఒత్తిడినే పెంచుతాయి. బోర్లా పడ్డ ఇంప్లాంట్‌ని మాత్రం కొన్నిసార్లు సర్జన్ బయటి నుంచే చేత్తో తిప్పి సరిచేస్తారు, కానీ పాకెట్ వదులుగా ఉంటే అది మళ్లీ తిరుగుతుంది. ఇంట్లో సొంతంగా నొక్కి చూడకండి.

సరిచేయించుకోవడానికి ఎంతకాలం ఆగాలి?

మామూలుగా మొదటి ఆపరేషన్ తర్వాత కనీసం ఆరు నెలలు, వీలైతే ఏడాది. మచ్చ కణజాలం మెత్తబడి, క్యాప్సూల్ కుట్టు పట్టేంత గట్టి పడాలి. లేత కణజాలంలో వేసిన కుట్లు తెగిపోతాయి. నెలల తరబడి నచ్చని ఆకారంతో తిరగడం ఎంత బాధో అర్థం చేసుకోగలం. అయినా తొందరపడి చేయించుకున్న రెండో ఆపరేషన్ మూడోదానికి దారితీస్తే ఆ బాధ ఇంకా పెద్దది.

కొన్నిటికి మాత్రం ఆగకూడదు. రొమ్ము ఎర్రబడటం, జ్వరం, గాటు నుంచి ద్రవం కారడం, చర్మం పల్చబడి ఇంప్లాంట్ కనిపించేలా ఉండటం, ఉన్నట్టుండి ఒక రొమ్ము బాగా వాచిపోవడం. వీటిలో ఏది ఉన్నా ఆ రోజే డాక్టర్‌ని కలవాలి.

డాక్టర్ ఏం పరీక్షిస్తారు?

మంచి పరీక్ష తొందరగా ముగియదు. కూర్చోబెట్టి చూస్తారు, చేతులు పైకెత్తమంటారు, వెల్లకిలా పడుకోబెట్టి ఇంప్లాంట్ ఎటు ఒరుగుతుందో చూస్తారు. చేతులు నడుము మీద పెట్టి గట్టిగా నొక్కమంటారు, అప్పుడు ఛాతీ కండరం బిగిసి ఇంప్లాంట్‌ని ఎటు నెడుతుందో తెలుస్తుంది. చనుమొన నుంచి కింది మడత దాకా టేపుతో కొలుస్తారు, చర్మాన్ని లాగి పట్టుకుని మళ్లీ కొలుస్తారు. పైభాగంలో చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి ఎంత మందం ఉందో చూస్తారు. ఇంప్లాంట్ పగిలిందేమోనని అనుమానం ఉంటే అల్ట్రాసౌండ్ లేదా ఎంఆర్ఐ రాస్తారు. ఇవేవీ లేకుండా చూసీ చూడగానే ఆపరేషన్ తేదీ చెప్పేస్తే ఇంకో సర్జన్ అభిప్రాయం కూడా తీసుకోవడం మంచిది.

ఆపరేషన్‌లో అసలు ఏం చేస్తారు?

చాలావరకు పూర్తి మత్తు ఇచ్చి చేస్తారు. వీలైనంతవరకు పాత మచ్చలోంచే లోపలికి వెళ్తారు. ఇంప్లాంట్ బయటికి తీసి పాకెట్ మొత్తం చూస్తారు.

వదులైన పాకెట్‌కి ముఖ్యమైన పద్ధతి క్యాప్సులోరఫీ, అంటే అదనంగా ఉన్న క్యాప్సూల్‌ని మడిచి కుట్టేయడం. కిందికి జారితే కింది మడతని పైకి తెచ్చి పక్కటెముకల మీది గట్టి పొరకి కుడతారు. పక్కకి జారితే చంక వైపు మూస్తారు. ఇందులో చాలామందికి తెలియని సంగతి, ఒకవైపు మూసినప్పుడు తరచుగా ఎదురువైపు కొంచెం తెరవాల్సి వస్తుంది. చంక వైపు మూసి, మధ్య వైపు విడదీయకపోతే ఇంప్లాంట్‌కి చోటు చాలక కొత్త కుట్ల మీద ఒత్తిడి పడుతూనే ఉంటుంది. కొందరు సర్జన్లు కుట్లతోపాటు క్యాప్సూల్ లోపలి గోడని వేడితో కాల్చి ముడుచుకునేలా చేస్తారు.

పాత పాకెట్ మరీ పాడైతే దాన్ని వదిలేసి కొత్తది చేస్తారు. కండరానికీ పాత క్యాప్సూల్ ముందు గోడకీ మధ్య కొత్త ఖాళీ విడదీసి, పాతదాన్ని అణిచి మూసేస్తారు. సిమ్మాస్టియాలో ఇది బాగా పనికొస్తుంది. కండరం కింద ఉన్నదాన్ని పైకి, పైన ఉన్నదాన్ని కిందికి మార్చడం మరో దారి. కండరం బిగించినప్పుడల్లా రొమ్ము కదిలి ఇబ్బంది పెట్టేవాళ్లకి కండరం పైకి మార్చడం మంచి ఫలితం ఇస్తుంది, పైన కప్పడానికి సరిపడా కణజాలం ఉంటేనే.

క్యాప్సూల్ బిగుసుకున్నవాళ్లలో దాన్ని చీల్చి వదులు చేస్తారు, లేదా తీసేసి కొత్త ఇంప్లాంట్ పెడతారు.

ఆపరేషన్ మధ్యలో చేసే ఒక పని ఫలితాన్ని చాలా మారుస్తుంది. ముందు తాత్కాలిక కుట్లు వేసి, సైజర్ అనే నమూనా ఇంప్లాంట్ పెట్టి, మత్తులో ఉన్న మనిషిని టేబుల్‌తో సహా కూర్చున్న భంగిమకి లేపుతారు. సర్జన్ కాళ్ల వైపు వెళ్లి నిలబడి రెండు వైపులా పోల్చి చూసుకుంటారు. పడుకోబెట్టి చూస్తే సమానంగా ఉన్నవి కూర్చోబెట్టాక తేడాగా కనిపించవచ్చు. ఇలా చూస్తారా అని సర్జన్‌ని ముందే అడగండి.

పాత ఇంప్లాంటే మళ్లీ పెడతారా?

బాగుంటే పెట్టొచ్చు, కానీ అన్నిసార్లూ అది తెలివైన పని కాదు. జారడానికి కారణం బరువే అయితే అంతే బరువు అదే కణజాలం మీద మళ్లీ వేస్తున్నట్టే. నా అభిప్రాయం సూటిగా చెప్తాను. సైజు తగ్గించుకోవడానికి ఒప్పుకోవడమే ఈ ఆపరేషన్‌లో మీ చేతిలో ఉన్న అతిపెద్ద నిర్ణయం. "పెద్దగా ఉంచి, పైకి కట్టేయండి" అని అడగడం న్యాయమైన కోరికే, కానీ శరీరం దాన్ని ఎక్కువకాలం మోయలేదు. తగ్గిన నిండుదనాన్ని కొంతవరకు మీ పొట్ట నుంచో తొడ నుంచో తీసిన కొవ్వుతో పూడ్చవచ్చు.

గరుకు ఉపరితలం ఉన్న ఇంప్లాంట్ అయితే జారదంటారు. అది పెట్టించుకోనా?

గరుకుగా ఉన్నది కణజాలాన్ని పట్టుకుంటుంది కాబట్టి తక్కువ కదులుతుందన్నది నిజం. అయితే ఇంప్లాంట్ చుట్టూ ఏర్పడే అరుదైన ఒక లింఫోమా (రోగనిరోధక కణాల్లో వచ్చే క్యాన్సర్), బీఐఏ ఏఎల్‌సీఎల్, ఎక్కువగా గరుకు ఇంప్లాంట్లతోనే ముడిపడి ఉంది. అమెరికా నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ సంబంధం గురించి 2011లో మొదట హెచ్చరించింది. 2019 జులైలో దాని కోరిక మేరకు అలర్గన్ కంపెనీ తన బయోసెల్ గరుకు ఇంప్లాంట్లను ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. ఇప్పటికే అవి ఉండి, ఏ లక్షణమూ లేనివాళ్లు తీయించుకోవాల్సిన అవసరం లేదని కూడా ఎఫ్‌డీఏ చెప్పింది. ఆపరేషన్ అయిన చాలా ఏళ్లకి ఒక రొమ్ము ఉన్నట్టుండి ద్రవంతో ఉబ్బితే మాత్రం ఆ ద్రవాన్ని తీసి పరీక్షకి పంపాలి. దాన్ని జారిన ఇంప్లాంట్ అనుకుని కుట్లు వేయించుకోకూడదు.

మెష్ పెడతామన్నారు. అవసరమా?

కణజాలం పల్చగా ఉన్నవాళ్లకి, ఒకసారి కుట్లు వేసినా నిలవనివాళ్లకి ఆసరా కావాలి. అందుకు రెండు రకాలు వాడతారు. మనిషి లేదా జంతువు చర్మం నుంచి కణాలన్నీ తీసేసి తయారుచేసిన పొర, దాన్ని ఏడీఎం అంటారు. రెండోది శరీరంలో నెమ్మదిగా కరిగే మెష్, అంటే వల లాంటి పొర. పీ4హెచ్‌బీ రకం ఏడాదిన్నర నుంచి రెండేళ్లలో కరుగుతుంది, ఆలోగా దాని చోట శరీరం తన కణజాలాన్ని అల్లుకుంటుంది. ఇవి ఖర్చు పెంచుతాయి, ఇన్ఫెక్షన్, ద్రవం చేరడం లాంటి ఇబ్బందులూ ఉన్నాయి. ఏడీఎంలలో రకాన్ని బట్టి ఈ ఇబ్బందులు ఎక్కువ తక్కువలుగా ఉన్నాయని 2021లో ఎఫ్‌డీఏ ప్రకటించింది. అందుకే పేరు అడిగి, ఆ రకమే ఎందుకో తెలుసుకోండి.

క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత పెట్టిన ఇంప్లాంట్ జారితే?

పద్ధతులు అవే, పరిస్థితి వేరు. రొమ్ము తీసేశాక ఇంప్లాంట్ మీద కప్పు చాలా పల్చగా ఉంటుంది. రేడియేషన్ తీసుకుని ఉంటే చర్మం గట్టిపడి, రక్తప్రసరణ తగ్గి, క్యాప్సూల్ బిగుసుకునే అవకాశం బాగా పెరుగుతుంది, గాయం మానడం కూడా నెమ్మదిస్తుంది. అలాంటి చోట మళ్లీ మళ్లీ ఇంప్లాంట్‌నే సరిచేయడం కంటే పొట్ట లేదా వీపు కణజాలంతో రొమ్ము చేయడం మెరుగు కావచ్చు. క్యాన్సర్ డాక్టర్, ప్లాస్టిక్ సర్జన్ ఇద్దరూ కలిసి చెప్పాల్సిన మాట ఇది.

మొత్తానికి తీయించేసుకుంటే?

అదీ గౌరవప్రదమైన దారే, ఓడిపోవడం కాదు. చాలామంది రెండో మూడో ఆపరేషన్ దాకా వచ్చాక దీన్నే ఎంచుకుంటారు. సాగిన చర్మం ఎంత ఉందో చూసి అవసరమైతే లిఫ్ట్ కలుపుతారు. రొమ్ము చిన్నదవుతుంది, కొంత జారుతుంది. ఆ సంగతి ముందే ఒప్పుకుని వెళ్తే తర్వాత బాధ ఉండదు.

కోలుకోవడానికి ఎన్నాళ్లు?

తేలికైన పనులకి వారం పది రోజులు. ద్రవం పోవడానికి గొట్టం పెడితే కొద్ది రోజుల్లో తీసేస్తారు. సర్జన్ చెప్పిన రకం బ్రా పగలూ రాత్రీ సుమారు ఆరు వారాలు. వెల్లకిలా పడుకోవాలి. మంచం మీద నుంచి లేచేటప్పుడు చేతుల మీద బరువు వేసి నెట్టుకోకూడదు, ఆ ఒక్క కదలికతో ఛాతీ కండరం బిగిసి కుట్ల మీద ఒత్తిడి పడుతుంది. పక్కన ఎవరైనా ఉండి లేపితే మేలు. పక్కటెముకల పొరకి వేసిన కుట్లు వారాల పాటు పొడిచినట్టు నొప్పి పెడతాయి, మడతలో గట్టిగా తగలవచ్చు కూడా. మొదట రొమ్ము మరీ పైకి, బిగుతుగా కనిపిస్తుంది. సర్జన్ కావాలనే కొంచెం ఎక్కువ బిగిస్తారు, అది సడలుతుంది.

పొగతాగేవాళ్లు ఆపరేషన్‌కి కనీసం నాలుగు వారాల ముందు నుంచి మానేయాలి, తర్వాతా అంతకాలం. నికోటిన్ ఉన్న చూయింగ్ గమ్, ప్యాచ్‌ల సంగతి కూడా సర్జన్‌కి చెప్పాలి. రక్తం పల్చబడే మందులు వాడుతుంటే సొంతంగా ఆపకండి, రాసిన డాక్టర్‌ని అడగండి.

మళ్లీ జారుతుందా?

జారవచ్చు. హామీ ఇచ్చే సర్జన్‌ని నమ్మకండి. సైజు తగ్గించి, పాకెట్ సరిగ్గా బిగించి, మొదటి ఆరు వారాలు జాగ్రత్తగా ఉన్నవాళ్లలో అవకాశం తగ్గుతుంది. పిల్లల్ని కనే ఆలోచన ఉంటే ఆ తర్వాత చేయించుకోవడం మంచిది. పాలివ్వడం ఆపాక కూడా రొమ్ము ఆకారం కుదురుకోవడానికి మూడు నుంచి ఆరు నెలలు ఆగాలి.

మామోగ్రామ్ తీయించుకోవచ్చా?

తీయించుకోవచ్చు, మానకూడదు. ఇంప్లాంట్ ఉందని ముందే చెప్తే దాన్ని వెనక్కి నెట్టి పట్టి అదనపు ఫిల్ములు తీస్తారు. సిలికాన్ ఇంప్లాంట్లు పగిలినా బయటికి తెలియకపోవచ్చు కాబట్టి, ఏ ఇబ్బందీ లేకపోయినా 5 నుంచి 6 ఏళ్లకి మొదటిసారి, ఆ తర్వాత 2, 3 ఏళ్లకోసారి అల్ట్రాసౌండ్ లేదా ఎంఆర్ఐ చేయించుకోమని ఎఫ్‌డీఏ సూచన. ఏ ఇంప్లాంటూ జీవితాంతం ఉండేది కాదు.

పాత సర్జన్ దగ్గరికే వెళ్లాలా? వెళ్లేటప్పుడు ఏం తీసుకెళ్లాలి?

నమ్మకం ఉంటే ముందు ఆయన్నో, ఆమెనో కలవండి. లోపల ఏం చేశారో వాళ్లకి తెలిసినంత ఇంకొకరికి తెలియదు. నమ్మకం పోతే మారండి, మొహమాటం వద్దు. కానీ మారేవాళ్లు ఇలాంటి రెండో ఆపరేషన్లు క్రమం తప్పకుండా చేసే సర్జన్‌ని వెతుక్కోవాలి. మొదటిసారి ఇంప్లాంట్ పెట్టడం కంటే ఇది కష్టమైన పని.

మీ ఇంప్లాంట్ కార్డు తీసుకెళ్లండి, అందులో కంపెనీ, సీసీలు, సీరియల్ నంబర్ ఉంటాయి. కార్డు పోతే ఆసుపత్రి నుంచి ఆపరేషన్ నోట్స్ అడగండి. మొదటి ఆపరేషన్‌కి ముందు తీసిన ఫోటోలు, ఆ తర్వాత వివిధ నెలల్లో తీసుకున్నవి ఉంటే తేదీల వారీగా పెట్టుకోండి. ఎప్పటి నుంచి, ఎటువైపు, ఎంత వేగంగా జరిగిందో మాటల్లో చెప్పేదానికంటే అవే స్పష్టంగా చెప్తాయి.